పారాయణకు లెక్క ఎలా కట్టాలి?

పారము అంటే ఆవలి ఒడ్డు. అయనము అంటే ప్రయాణం. ఒక గ్రంథాన్ని మొదటి అక్షరం దగ్గర పట్టుకొని, చివరి అక్షరం వరకూ విడువక నడిచి, ఆవలి ఒడ్డుకు చేరడమే పారాయణం. ఒంటరిగా నడిచేవాడు తన అడుగులు తాను లెక్కపెట్టుకుంటే చాలు. పదిమంది కలిసి నడిచేటప్పుడే చిక్కులు మొదలవుతాయి. ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరి అడుగు లెక్కలోకి వస్తుంది, ఎవరిది రాదు అన్న ప్రశ్నలు పుడతాయి.

కరోనా భయంతో జనమంతా గడప దాటని 2020లో తిరుమల తిరుపతి దేవస్థానం వారు నాదనీరాజనం వేదిక మీద సుందరకాండ పారాయణం ఆరంభించి, శ్రీవేంకటేశ్వర భక్తి ఛానల్ ద్వారా ఇంటింటికీ అందించారు. టీవీ ముందు పుస్తకం పట్టుకొని కూర్చొని పండితులతో గొంతు కలిపిన కుటుంబాలు ఎన్నో. అప్పుడు ఏర్పడిన పారాయణ బృందాలు, వాటిని చూసి తరువాత పుట్టినవి, ఇప్పుడు సెల్‌ఫోను మీద నడుస్తున్నాయి. మా వర్ధన్నపేటలోనూ ఉన్నాయి. అమెరికాలోని కోడలు, హన్మకొండలోని అత్తగారు, ఇక్కడ ఆకేరు ఒడ్డున ఉండే ఆడపడుచు ఒకే బృందంలో ఉంటారు. పొద్దున ఒకరు ఆనాటి నియమం ప్రకటిస్తారు. రాత్రి పడుకోబోయే ముందు ఎవరెన్ని సర్గలు చదివారో అంకె పంపుతారు. ఒక తల్లి ఓపికగా పట్టిక కడుతుంది. సర్గకు ఇన్ని మార్కులు, కాండ పూర్తయితే ఇన్ని, అందరికన్నా ముందు ముగించినవారికి వెండి కుంకుమభరిణ.

ఆ మీదట ప్రశ్నలు దేవాలయానికి వస్తాయి. “అయ్యగారూ, సగం సర్గ చదివి నిద్ర వచ్చి పడుకుంటే అరమార్కు వేయవచ్చునా?” “ఎం.ఎస్.రామారావు గారి సుందరకాండ పొద్దుటి నుంచి విన్నాను, పారాయణ కిందికి వస్తుందా?” “మేము ఐదుగురం తలా కొన్ని సర్గలు పంచుకున్నాం, ఒక ఆవృత్తి అయినట్టేనా?” “శ్లోకం నోరు తిరగక తాత్పర్యం చదివాను, సున్నా వేశారు, న్యాయమేనా?”

నవ్వి ఊరుకోదగిన ప్రశ్నలు కావివి. అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివే ఒక పెద్దామె, పట్టికలో నెల పొడుగునా తన పేరు అట్టడుగునే ఉండడం చూసి, పుస్తకానికి గుడ్డ చుట్టి పైన పెట్టేసింది. ఇంకొకచోట చదవని సర్గలకు అంకె పంపిన సంగతి బయటపడి, ఒకే వీధిలోని రెండు ఇళ్ల మధ్య మాటలు లేవు. రాముని కథ చదవబోయి ఇంత దూరం వచ్చామంటే, తప్పు కథలో లేదు, లెక్క కట్టే తీరులో ఉంది. ఆ లెక్క గురించి మన శాస్త్రం ఏమన్నదో చూద్దాం.

శాస్త్రానికి లెక్క కొత్త కాదు

కొందరు పెద్దలు ఈ పట్టికలను చూసి, భక్తికి మార్కులేమిటని ఈసడిస్తారు. ఆ మాటతో నేను ఏకీభవించను. వైదిక కర్మ అంతా సంఖ్య మీదనే నడుస్తుంది. నమకాన్ని పదకొండు మార్లు చెప్పి, ఒక్కొక్క ఆవృత్తికి చమకంలోని ఒక్కొక్క అనువాకం చేరిస్తే ఏకాదశ రుద్రం. అటువంటివి పదకొండు అయితే లఘురుద్రం, అంటే 121. దానికి పదకొండింతలు మహారుద్రం, 1,331. దానికి పదకొండింతలు అతిరుద్రం, 14,641. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు గనుకనే ఋత్విక్కులు కలిసి కూర్చుంటారు. సామూహిక పారాయణకు లెక్క కట్టడం మనవారు ఏనాడో నేర్చినది.

శతచండిని చూడండి. పదిమంది ఋత్విక్కులు. మొదటి రోజు తలా ఒక సప్తశతి పారాయణం, రెండవ రోజు తలా రెండు, మూడవ రోజు మూడు, నాలుగవ రోజు నాలుగు. ఒక్కొక్కరివి పది, పదిమందివి నూరు. ఐదవ రోజు హోమం. 2015 డిసెంబరు 23 నుంచి 27 వరకు అప్పటి మెదక్ జిల్లా ఎర్రవల్లిలో జరిగిన అయుత చండీ మహాయాగం ఇదే వృద్ధిక్రమానికి పెద్ద రూపం. రోజుకు వేయి, రెండు వేలు, మూడు వేలు, నాలుగు వేలు చొప్పున పెరుగుతూ పోయి పదివేలు పూర్తయింది. అయుతమంటే పదివేలు.

ఈ లెక్కలో రెండు సంగతులు గమనించండి. మొదటిది, ఏ ఋత్విక్కూ పుస్తకాన్ని ముక్కలు చేసి పంచుకోడు. ప్రతివాడూ మొదటి నుంచి చివరి దాకా చదువుతాడు. రెండవది, ఆ పదిమందిలో ఎవరు ముందు ముగించారని ఎవరూ అడగరు. ఒకే రోజు, ఒకే సంఖ్య. చురుకైన గొంతు కలవాడు తన పక్కవాడు ముగించే వరకు జపం చేసుకుంటూ కూర్చుంటాడు. 2015 జనవరి 31న తెనాలిలో గణపతి సచ్చిదానంద స్వామి ఆధ్వర్యంలో లక్షమందికి పైగా ఒక్క గొంతుతో హనుమాన్ చాలీసా పఠించి గిన్నిస్ రికార్డులకు ఎక్కారు. అక్కడ లెక్కించినది తలలను, ఎవరి వేగాన్నీ కాదు.

మరొక చిత్రం చెబుతాను. వేరువేరు విధాలుగా చేసిన పనికి వేరువేరు విలువ కట్టడం కూడా శాస్త్రంలో ఉన్నదే. విధియజ్ఞం కన్న జపయజ్ఞం పదింతలు, పెదవి కదులుతూ పక్కవారికి వినిపించని ఉపాంశు జపం నూరింతలు, మానస జపం వేయింతలు శ్రేష్ఠమని మనుస్మృతి చెబుతుంది. చూశారా, పైకి వినిపించనిదానికే ఎక్కువ! మన పట్టికల్లో పైకి కనిపించేదానికే ఎక్కువ. ఇక జపమాలలో 108 పూసలు ఎందుకంటే, నూరు లెక్కలోకి వస్తాయి, ఎనిమిది పొరపాట్లకు వదిలేయాలి అని మా పెద్దలు చెప్పేవారు. తప్పు జరుగుతుందని ముందే ఒప్పుకొని దానికీ పూసలు గుచ్చిన లెక్క అది. రామకోటి రాసే ఇల్లాలిని అడగండి. రోజుకు వేయి నామాలు రాసినా కోటికి పదివేల రోజులు, ఇరవై ఏడేళ్లు దాటుతుంది. అంత దూరం నడిచేవారికి పందెం తలంపే రాదు.

ఏది ఒకటి?

పట్టిక కట్టేవారు మొదట తేల్చుకోవలసినది మార్కులు ఎన్ని అని కాదు, ఒకటి అంటే ఏమిటి అని.

పూర్వం తాళపత్రాలు రాసే లేఖకులు గ్రంథాన్ని 32 అక్షరాల కొలతతో లెక్కించేవారు. అనుష్టుప్ శ్లోకంలో ఉన్న అక్షరాలు అన్నే. వచనమైనా, పెద్ద వృత్తమైనా అదే కొలత. శ్రీమద్భాగవతం పద్దెనిమిది వేలు అంటారు కదా, అచ్చుపుస్తకంలో శ్లోకాలు ఒక్కొక్కటి లెక్కపెడితే అన్ని రావు. ఈ కొలత తెలిస్తే కలవరం ఉండదు. దేవీ సప్తశతిలో 700 అనే సంఖ్య కూడా శ్లోకాల సంఖ్య కాదు, మంత్రాల సంఖ్య. ‘ఋషి పలికెను’, ‘దేవి పలికెను’ అనే ఉవాచలు, అర్ధశ్లోకాలు కూడా ఒక్కొక్క మంత్రంగా లెక్కకు వస్తాయి. ఉవాచ వదిలేసి చదివినవారికి సప్తశతి పూర్తి కాదు.

రామాయణంలో మరొక చిక్కు. యుద్ధకాండలో కొన్ని ప్రతులు 128 సర్గలు, దక్షిణాది ప్రతులు కొన్ని 131 సర్గలు చూపుతాయి. ఒకే బృందంలో ఇద్దరి దగ్గర రెండు ప్రతులు ఉంటే, ఇద్దరూ నిజమే చెప్పినా పట్టికలో ఒకరు అబద్ధమాడినట్టు కనిపిస్తుంది. నేను విన్న తగాదాల్లో కొన్ని ఇటువంటివే. కాబట్టి ఏ ప్రతి అన్నది మొదటే నిర్ణయించండి. పేజీలు లెక్కించవద్దు. ఫోనులో అక్షరం పెద్దది చేసుకున్న ముసలాయనకు పేజీలు ఎక్కువ, మనుమడికి తక్కువ. సర్గ, అధ్యాయం, స్కంధం అన్నవి ఋషులు ఇచ్చిన మెట్లు. వాటి మీదనే నిలవండి.

మన పొరుగునే బమ్మెరలో పుట్టిన పోతనామాత్యుని భాగవతం చదివే బృందాలకు ఒక ప్రత్యేకమైన మనవి. పద్యానికి ఒక మార్కు అని పెట్టుకున్నారు, బాగున్నది. దాంతో వచనాలు చదవడం మానేశారు! కథ కదిలేది చాలాచోట్ల వచనంలోనే. వచనం విడిచిపెట్టి పద్యాలు మాత్రమే ఏరుకుంటే మల్లెలు తుంచుకొని దారం పారేసినట్టే. వచనానికీ పద్యంతో సమానంగా మార్కు వేయండి, వివాదం ముగుస్తుంది.

అడిగిన వాటికి సమాధానాలు

సగం సర్గ చదివితే అర లెక్క అన్నది లేదు. సర్గ మధ్యలో ఆగవలసి వస్తే మరునాడు ఆ సర్గ మొదటి నుంచి చదవాలన్నది మా గురువుల దగ్గర నేర్చుకున్న మర్యాద. అది శిక్ష కాదు, కథ తెగకుండా ఉండడానికి.

పంచుకొని చదవడం గురించి. అందరూ ఒకచోట కూర్చొని, ఒకరు చదువుతుంటే మిగిలినవారు వింటూ, వంతుల వారీగా పుస్తకం పూర్తిచేస్తే అది నిస్సందేహంగా అందరికీ పారాయణమే. ఎవరి ఇంట్లో వారు తమ వంతు సర్గలు చదివి అంకె పంపితే మాత్రం, గ్రంథం పూర్తయింది గాని ఆ ఐదుగురిలో గ్రంథం పూర్తి చేసినవారు ఒక్కరూ లేరు. ఒకామె లంకాదహనం చదివింది, సీతమ్మను ఎలా కనుగొన్నాడో ఆమెకు తెలియదు. శతచండి లెక్క ఇందుకే చెప్పాను. వంతు పంచుకోవడం తప్పదంటే, ప్రతివారూ తమ వంతు చదివి శబ్దం పంపాలి, మిగిలిన నలుగురూ వినాలి. ఫోను ఆ సాయం చేయగలదు కదా.

వినడం లెక్కకు వస్తుందా? భాగవతం పుట్టిందే వినేవాని కోసం. పరీక్షిన్మహారాజు ఏడు రోజులూ చేసినది శ్రవణమే, పుస్తకం పట్టలేదు. నవవిధ భక్తుల్లో మొదటిది శ్రవణం, కీర్తనం దాని తరువాతే. చదువు రాని అమ్మ కూర్చొని వింటే పూర్తి మార్కు వేయండి. పొయ్యి దగ్గర, టీవీ పక్కన, ఫోను ఎక్కడో పాడుతుంటే ఇంకెక్కడో పని చేసుకోవడం వేరు. అది గృహానికి మంగళం, పారాయణం కాదు. రామారావు గారి గానం ఎంత మధురమైనదైనా, అది మూలానికి తెలుగు గానరూపం. మూలపారాయణం సంకల్పించినవారు దాన్ని లెక్కలో కలపరాదు. తెలుగు సుందరకాండ వినాలని సంకల్పిస్తే నిస్సంకోచంగా కలుపుకోవచ్చు.

తాత్పర్యం చదివినవారికి సున్నా వేయడం న్యాయం కాదు. పాణినీయ శిక్షలో అధమ పాఠకులు ఆరుగురని చెప్పారు. రాగాలు తీసేవాడు, తొందరపడి చదివేవాడు, తల ఊపేవాడు, రాసినది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు. ఇది ముఖ్యంగా వేదాధ్యయనానికి చెప్పిన మాట. పురాణపఠనంలో పుస్తకాన్నే వ్యాసపీఠం మీద ఉంచి పూజిస్తాం గనుక చూసి చదవడం దోషం కాదు. ఫోనులో చూసి చదివినా దోషం లేదు, మధ్యలో మోగకుండా చూసుకోండి. కాని ఆ ఆరుగురిలో అర్థం తెలియనివాడున్నాడు, తొందరపడేవాడున్నాడు. తాత్పర్యం చదివిన ఆమెకు సున్నా వేసి, ఒక్క రాత్రిలో పదిహేను సర్గలు పరుగెత్తించినవారికి పదిహేను వేసే పట్టిక, ఈ ఇద్దరికీ పెద్దపీట వేస్తున్నది.

వేగం మాట వచ్చింది కాబట్టి సప్తాహం లెక్క చెబుతాను. సూర్యోదయం మొదలు మూడున్నర జాములు చదవాలని, మధ్యాహ్నం రెండు ఘడియలు విరామం ఇవ్వాలని భాగవత మాహాత్మ్యం చెబుతుంది. జాము మూడు గంటలు. పద్దెనిమిది వేలను ఏడు రోజులకు పంచితే నిమిషానికి దాదాపు నాలుగు శ్లోకాలు. జీవితమంతా అదే పనిగా ఉన్న పౌరాణికులకు సాధ్యమైన వేగమది. పత్తి ఏరి, మిరప కోసి, దీపాలవేళకు ఇల్లు చేరే మా ఊరి అమ్మలకు సప్తాహం పేరు చెప్పి ఆ వేగాన్ని అంటగట్టకండి. భాగవతంలో అధ్యాయాలు 335. రోజుకు ఒకటి చదివితే ఏడాది లోపలే ముగుస్తుంది. ధనుర్మాసంలో తిరుప్పావై చూడండి, ముప్పై రోజులకు ముప్పై పాశురాలు. ముందుకు పరుగెత్తే వీలే లేకుండా గోదాదేవి కట్టిన నియమం అది.

మైల వచ్చి, జ్వరం వచ్చి, పొలం పని మీద పడి మానిన రోజులకు మార్కు తగ్గించకండి. ఆ రోజులు లెక్కలో లేనట్టే. ఇంటి ఆచారం ఎట్లా ఉంటే అట్లా పాటించి, ఆగినచోటి నుంచి సాగాలి. మాహాత్మ్యంలోనే ఉపవాసం గురించి ఒక చక్కని తీర్పు ఉంది. ఉపవాసం వల్ల కథ వినడానికి విఘ్నం కలిగేటట్టయితే, ఉపవాసం కన్న భోజనమే మేలట. నియమాలు చెప్పిన నోటితోనే ఆ సడలింపూ చెప్పారు.

గోకర్ణుడు అడిగిన ప్రశ్న

అందరం సమానంగా చదివితే ఫలం సమానంగా వస్తుందా? ఈ ప్రశ్న మీ బృందాల్లో పుట్టినది కాదు. పద్మపురాణంలోని భాగవత మాహాత్మ్యంలో గోకర్ణుడు అడిగినది.

తుంగభద్రా తీరాన ఆత్మదేవుడనే బ్రాహ్మణుని ఇంట గోకర్ణుడు, ధుంధుకారి పెరిగారు. ధుంధుకారి దుర్మార్గుడై, వేశ్యల చేతిలో చచ్చి, ప్రేతమై తిరిగాడు. గోకర్ణుడు గయలో శ్రాద్ధం పెట్టినా విముక్తి కలగలేదు. చివరకు సూర్యభగవానుని మాట మీద భాగవత సప్తాహం ఆరంభించాడు. వినడానికి ఊరూరి నుంచి జనం వచ్చారు. ప్రేతానికి కూర్చోవడానికి శరీరం లేదు. ఏడు కణుపుల వెదురుబొంగు ఒకటి అక్కడ ఉంటే దానిలో దూరి విన్నాడు. రోజుకొక కణుపు ఫెళ్లుమని పగిలింది. ఏడవ రోజు ఏడవ కణుపు పగిలి, ప్రేతరూపం పోయి, దివ్యదేహంతో బయటికి వచ్చాడు. విమానం దిగింది. అతడొక్కడే ఎక్కాడు.

అప్పుడు గోకర్ణుడు విష్ణుదూతలను నిలదీశాడు. ఇక్కడ ఇంతమంది నిర్మలచిత్తులున్నారు, అందరూ సమానంగానే విన్నారు, అందరికీ విమానాలు ఎందుకు తేలేదని. వారు చెప్పిన సమాధానం, విన్న సంఖ్య సమానమే గాని విన్న తీరు సమానం కాదని. ఆ ప్రేతం ఏడు రోజులూ నిరాహారంగా, విన్నదాన్ని నిలకడైన మనస్సుతో మళ్లీ మళ్లీ తలపోసింది. మిగిలినవారు విన్నారు, తలపోయలేదు.

పురాణకర్త ఇక్కడ ఆపి ఉంటే, ఇది శ్రద్ధ లేనివారిని మందలించే కథగానే మిగిలేది. ఆపలేదు. గోకర్ణుడు ఎవరినీ మందలించలేదు. శ్రావణమాసంలో మళ్లీ సప్తాహం పెట్టాడు. అదే జనం, అదే కథ, మొదటి నుంచి. ఈసారి విమానాలు బారులు తీరాయి. ఆ ఊరిలోని కుక్కలతో సహా అందరూ ఎక్కారు. మొదటి సప్తాహంలో తన అన్నకు కావలసినది సమకూరింది కదా, గోకర్ణునికి రెండవసారి చదవవలసిన అగత్యం ఏమిటో, మీ పట్టికలో అందరికన్నా ముందు ముగించినవారు ఒక్కసారి ఆలోచించండి.

అయితే పట్టిక ఎలా ఉండాలి?

ఆరంభంలో సంకల్పం చెప్పుకోండి. ఏ గ్రంథం, ఏ ప్రతి, మూలమా తాత్పర్యమా, ఎన్ని ఆవృత్తులు, అన్నీ సంకల్పంలోనే రావాలి. మధ్యలో నియమం మార్చరాదు. సుందరకాండకు 68 సర్గలు. రోజుకు ఏడు సర్గల చొప్పున 68 రోజులు చదివితే సరిగ్గా ఏడు ఆవృత్తులు అవుతాయని ఒక చక్కని క్రమం ఉంది. ఓపిక ఉన్నవారు ఆ సంకల్పం చేయండి. లేనివారు రోజుకొక సర్గ. రెండు రకాలవారిని ఒకే పట్టికలో పోల్చకండి.

అంకెతో పాటు ఒక వాక్యం పంపమనండి. ఆనాటి సర్గలో మనసుకు పట్టినది ఒక్కటి. పదమూడవ సర్గ చదివినవారు, సీత కనబడక హనుమ ఎంత కుంగిపోయాడో ఒక మాట రాస్తారు. ఇరవై ఏడవ సర్గకు త్రిజట కల, ముప్పై ఆరవ సర్గకు ఉంగరం. చదవని సర్గకు అంకె పంపవచ్చు, వాక్యం పంపలేరు. ఎవరినీ అనుమానించనక్కరలేదు, ఎవరి ఇంటికీ వెళ్లి నిలదీయనక్కరలేదు. అక్షరం కూడబలుక్కునే పెద్దామె వాక్యమే ఆ రోజు అందరికన్నా మంచిది కావచ్చు.

పోగైన సంఖ్యను చివరిరోజున భగవంతునికి అర్పించి నీళ్లు వదులుతాం. అర్పించిన తరువాత అది మన ఖాతాలో ఉండదు. కనుక పట్టికను ఆ రోజే చెరిపేయండి. పటం కట్టించి పెట్టుకోవద్దు. కుంకుమభరిణ కొని ఉంటే, పట్టిక కట్టిన తల్లికి ఇవ్వండి. అంతమంది అంకెలు రాస్తూ తన పారాయణం వెనకబడినది ఆమెదే.

ఇక ముగింపు విషయం. ముందున్నవారు 67వ సర్గ దగ్గర ఆగండి. బృందంలో చివరివారు అక్కడికి చేరే వరకు 68వ సర్గ తెరవకండి. ఈలోగా చదవాలనిపిస్తే పదమూడవ సర్గ మళ్లీ చదువుకోండి. అందరూ చేరిన రోజున, దూరాన ఉన్నవారు ఫోనులోనూ దగ్గరవారు ఒక ఇంట్లోనూ కూర్చొని, చివరి సర్గ కలిసి చదవండి. ఆ వెంటనే శ్రీరామ పట్టాభిషేక సర్గ చదవడం సంప్రదాయం. అది యుద్ధకాండ చివర ఉంటుంది. మీ పుస్తకంలో 128 అయితే 128వది, 131 అయితే 131వది. స్వామికి అప్పాలు నివేదన చేయండి.